గీత మాయమయ్యే క్షణం

'ప్రయోగశాలలో ప్రమాదం, ఒకరి మృతి' అని పేపర్లో ఓ మూల నాలుగు లైన్లు వేశారు. చీఫ్ ఆ పేపర్ని బల్ల మీద పడేసి దాని మీద టీ కప్పు పెట్టాడు.

"ప్రమాదం కాదు," అన్నాడు. "హత్య."

బొంగరం కూర్చోలేదు. అతను ఏ కుర్చీలోనూ కుదురుగా కూర్చునే రకం కాదు. కిటికీ దగ్గరికి వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు, బీరువాకి ఆనుకున్నాడు, మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. డిపార్ట్‌మెంట్ అతనికి వేరే ఏదో గంభీరమైన కోడ్ నేమ్ ఇచ్చింది గానీ అది ఫైల్లోనే ఉండిపోయింది. ప్యూన్ దగ్గర్నుంచి చీఫ్ దాకా అందరూ బొంగరం అనే పిలుస్తారు.

"పోయినాయన కెమిస్ట్. హై ప్రెషర్ రియాక్టర్ పేలింది. సేఫ్టీ వాల్వ్ బిగుసుకుపోయిందని రిపోర్ట్ రాశారు. మనవాళ్ళు వాల్వ్ విప్పి చూశారు. లోపల ఎవరో ఎపాక్సీ జిగురు పోశారు."

"ఎవరు?"

"అత్తరు ముఠా."

బొంగరానికి ఆ పేరు కొత్త కాదు. పైకి సెంట్ల వ్యాపారం, లోపల ఫార్ములాల దొంగతనం. దేశదేశాల్లో బ్రాంచీలు. కొనడం కుదరకపోతే దొంగిలిస్తారు, దొంగిలించాక ఆ రహస్యం తెలిసినవాళ్ళని మిగల్చరు.

"ఆ కెమిస్ట్ దగ్గర ఏముంది సార్?"

చీఫ్ కళ్ళజోడు పెట్టుకుని ఒక కాగితం చదివాడు. "క్యాటలిస్ట్. రోడియం అనే లోహానికి ఫ్లోరిన్ తోకలు తగిలించారట. అది సూపర్ క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్‌లో ఆల్కీన్స్‌ని ఆల్డిహైడ్స్‌గా మారుస్తుందట." కళ్ళజోడు తీసేశాడు. "అర్థం నన్నడక్కు. నాకు తెలిసింది ఒక్కటే. దాన్ని తయారుచెయ్యడం ఇద్దరికే వచ్చు. శాంపిల్ ఒకటి ముఠా చేతికి చిక్కింది. ఆ ఇద్దరూ లేకపోతే ఇక అది వాళ్ళ సొత్తే."

"ఒకాయన పోయాడు. రెండో ఆయన?"

"ఆయన కాదు, ఆవిడ." చీఫ్ టీ కప్పు పైకెత్తాడు. "మీ అక్క."

బొంగరం కాళ్ళు ఆగిపోయాయి. అమ్మ పోయాక అతనికి జ్వరమొస్తే మేల్కొన్నదీ, పరీక్ష పోతే వీపు వాయగొట్టిందీ ఆ అక్కే. ఈ ఉద్యోగంలో అతను చాలాసార్లు తుపాకీ ఎదుట నిలబడ్డాడు. ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు.

"ప్రయోగం ఆపించండి సార్."

"రేపు ఆపిస్తే ఎల్లుండి ఆవిడ్ని రోడ్డు మీద లారీతో గుద్దిస్తారు. ఎవరు గుద్దించారో కూడా మనకి తెలీదు. రేపు బోర్డు మెంబర్ల ముందు డెమో ఉంది. అక్కడే వాళ్ళు చెయ్యి పెడతారు. అక్కడే పట్టుకోవాలి. ఈసారి కూడా సేఫ్టీ వాల్వేనని కలువ కబురు పంపింది."

"కలువా? ఆవిడ మనకీ పనిచేస్తుంది, వాళ్ళకీ పనిచేస్తుంది. ఆవిడ మాట సగమే నమ్మాలి."

"ఆ సగమైనా లేకపోతే ఇవాళ నిన్ను పిలిచేవాణ్ణే కాదు."

"మారువేషం ఏంటి సార్?"

పోస్ట్‌మ్యాన్ నుంచి పియానో టీచర్ దాకా అతను వెయ్యని వేషం లేదు. ఓసారి వారం రోజులు కళ్ళ డాక్టర్‌గా నటించి ఇద్దరికి చూపు బాగు చేశాడని కూడా డిపార్ట్‌మెంట్‌లో చెప్పుకుంటారు.

"తమ్ముడు," అన్నాడు చీఫ్.

"అది నాకు రాదు సార్."

"నేర్చుకో. ఆవిడకి ఒక్క ముక్క చెప్పకు. మనసులో ఉన్నది ముఖంలో కనిపించేస్తుందని నువ్వే అంటావుగా. ఆవిడకి తెలిస్తే వాళ్ళకీ తెలుస్తుంది."

* * *

తమ్ముడి వేషం మొదటి నిమిషంలోనే బెడిసికొట్టింది.

"ఏరా, ఇన్నాళ్ళకి దారి తెలిసిందా?" అంది అక్క, ప్రయోగశాల తలుపు సగమే తెరిచి. తెల్లకోటు, చెవి మీద పెన్సిలు, మోచేతి దగ్గర ఏదో మరక. "ఎవరైనా పోయారా?"

"ఊరికే చూసి పోదామని."

"ఊరికే రావడం నీకు చేతకాదు. ఏం పని మీదొచ్చావో చెప్పు."

తను ఇన్సూరెన్స్ సర్వేయర్నని అతను ఏళ్ళ తరబడి చెప్పిన అబద్ధం ఇప్పుడు అక్కరకొచ్చింది. "మీ బిల్డింగు పాలసీ మా కంపెనీదే. డెమో రోజున ఒక మనిషి ఉండాలన్నారు. ఎవరో ఎందుకు, నేనే వెళ్తానన్నాను."

"అలా ఏడువు. రా, ఈ స్పానర్ పట్టుకో."

గది చిన్నది. మధ్యలో బల్ల, బల్ల మీద రెండు పిడికిళ్ళంత స్టీలు దిమ్మ, దానికి ఎనిమిది బోల్టులు. జడపాయల్లాంటి సన్నటి స్టీలు గొట్టాలు సిలిండర్ల నుంచి వచ్చి ఆ దిమ్మలో దూరుతున్నాయి. ముందువైపు నాణెమంత గుండ్రటి కిటికీ. కిటికీకి ఎదురుగా పట్టాల మీద జరిగే పారదర్శకమైన కవచం. పక్కన కెమెరా, గోడ మీద పెద్ద తెర. వెనక రెండు వరసల కుర్చీలు, ఒక లావుపాటి స్తంభం.

బొంగరం చేతిలో స్పానర్‌తో గదంతా చుట్టాడు. కోటు గుండీలో ఉన్న కెమెరా ప్రతి మూలనీ ఫొటో తీసుకుంది.

"ఇందులో ఏమవుతుందక్కా? పాలసీకి రాసుకోవాలి."

అక్క మొహం వెలిగింది. ఎవరైనా ఈ ప్రశ్న అడగడమే ఆలస్యం, ఆవిడకి ఆకలి దప్పులుండవు.

"ఆల్కీన్ అంటే నూనెలాంటిది. దాన్లో రెండు కార్బన్ల మధ్య డబుల్ బాండ్ ఉంటుంది. అక్కడ కార్బన్ మోనాక్సైడ్‌నీ హైడ్రోజన్‌నీ చేరిస్తే ఆల్డిహైడ్ అవుతుంది. సబ్బులకీ, ప్లాస్టిక్‌కీ, సెంట్లకీ అదే మూలం. వాటికవి కలవమంటే కలవవు. రోడియం దగ్గరుండి కలుపుతుంది, కలిపి తను పక్కకి తప్పుకుంటుంది. ఇంతవరకూ అందరూ చేసేదే. కానీ వాయువులు నూనెలో సరిగ్గా కరగవు. దానికోసం డ్రమ్ములకి డ్రమ్ములు ద్రావణి పోస్తారు. తరవాత ఆ ద్రావణిని వదిలించుకోలేక చస్తారు."

"నువ్వేం పోస్తావు?"

"మనం ఊపిరి వదిలితే వచ్చేదే. కార్బన్ డయాక్సైడ్. ముప్ఫై ఒక్క డిగ్రీలు, డెబ్బై నాలుగు బార్ల ప్రెషర్ దాటనిస్తే అది ద్రవమూ కాదు, వాయువూ కాదు. అన్నీ దాన్లో కలిసిపోతాయి. పనయ్యాక ప్రెషర్ మెల్లగా తగ్గిస్తే క్యాటలిస్ట్ అడుగున పొడిలా పేరుకుంటుంది. మళ్ళీ వాడుకోవచ్చు. మెల్లగా తగ్గించాలి సుమా. గబుక్కున వదిలితే గాలితోపాటే అదీ కొట్టుకుపోతుంది."

"ఎంతుంది ఆ క్యాటలిస్ట్?"

"ఉన్నదంతా ఇందులోనే ఉంది." అక్క దిమ్మ మీద అరచెయ్యి ఆనించింది. గొంతు తగ్గింది. "ఆయన చేత్తో చేసిన ఆఖరి బ్యాచ్. పదిహేనేళ్ళు కలిసి పనిచేశాంరా. వాల్వ్ చూసుకోకుండా హీటర్ వేసే మనిషి కాదు ఆయన."

బొంగరానికి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. మింగినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

"వాల్వ్ అంటే గుర్తొచ్చింది," అన్నాడు. "మా రూలు ప్రకారం సేఫ్టీ వాల్వ్ నా ఎదుట కొత్తది బిగించాలి. నేనే తెచ్చాను."

"నిన్ననే సప్లయర్స్ మెకానిక్ వచ్చి వాల్వూ కిటికీ అన్నీ సర్వీసింగ్ చేసి వెళ్ళాడు."

"రూలు."

"నీ రూలు తగలెయ్య," అంటూనే అక్క పాత వాల్వ్ విప్పి, చూడనైనా చూడకుండా అతని చేతిలో పడేసి, కొత్తది బిగించింది. బొంగరం వరండాలోకి వెళ్ళి పెన్ టార్చ్ వెలిగించి లోపలికి చూశాడు. లోపల తేనెరంగులో ఎపాక్సీ గట్టిపడి ఉంది.

గండం గడిచింది. కలువ నిజమే చెప్పింది. ఇక మెకానిక్‌ని పట్టుకుంటే సరి అని చీఫ్‌కి కబురు పంపాడు. అతను తేలిగ్గా ఊపిరి పీల్చుకోవాలి. కానీ పీల్చుకోలేకపోయాడు. కాళ్ళు ఊరుకోలేదు, వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉన్నాడు. ఏదో మిగిలిపోయిందని లోపల ఒకటే పీకుడు.

* * *

కలువ కంటే ముందు ఆవిడ సెంటు వచ్చింది. బూడిదరంగు సిల్కు సూటు, చెవులకి చుక్కల్లాంటి ముత్యాలు, మనుషుల్ని నిదానంగా కొలిచే కళ్ళు. పంపులూ వాల్వులూ కిటికీలూ సరఫరా చేసే కంపెనీకి ప్రతినిధి. బోర్డు మెంబర్లందరూ ఒక్కసారిగా కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు.

ఆవిడ తిన్నగా బొంగరం పక్కకి వచ్చింది.

"ఈ గదిలో చలిగా ఉంది కదూ?"

"లోపల మాత్రం వేడిగానే ఉంది," అన్నాడు బొంగరం. కోడ్ కుదిరింది.

"వాల్వ్ చూసుకున్నారా?"

"మార్చేశాను."

"అయితే ఇక నిశ్చింతగా ఉండండి. మీ అక్కయ్యగారంటే నాకెంతో గౌరవం." నవ్వింది. అందమైన నవ్వే. "అందరూ తెర మీద చూస్తారు. ఆవిడ ఒక్కరే కంటితో చూస్తారు. ఆ కవచం పక్కకి తోసేసి మరీ. ఎన్నిసార్లు వద్దని చెప్పానో."

చెప్పి, వెళ్ళి స్తంభం వెనక నిలబడింది. ముందు వరసలో ఆవిడ కోసం కుర్చీ ఖాళీగా ఉంది. ప్రెషర్ అంటే భయం కాబోలు అనుకున్నాడు బొంగరం. అనుకుని ఊరుకోలేక స్తంభం దాకా నడిచి, మళ్ళీ అక్క దగ్గరికి వచ్చాడు.

పంపు మొదలైంది. తెర మీద కిటికీ లోపలి దృశ్యం కనిపించింది. కింద సగం పసుపుపచ్చగా ద్రవం, పైన సగం ఖాళీ, రెంటి మధ్యా కత్తితో కోసినట్టు ఒక గీత.

"ఆ గీత చూస్తూ ఉండండి," అక్క బోర్డు మెంబర్లకి చెప్పింది. "వేడెక్కే కొద్దీ పలచబడుతుంది. తరవాత లోపలంతా పొగ కమ్మినట్టవుతుంది. తరవాత గీత ఉండదు. అప్పుడు కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వదులుతాం."

హీటర్ వేసింది. ప్రెషర్ మీటరు అరవై దాటింది, అరవై ఐదు. బొంగరం బల్ల చుట్టూ తిరుగుతున్నాడు.

"ఒరేయ్, ఒక్కచోట నిలబడవురా. కళ్ళు తిరుగుతున్నాయి."

అరవై ఎనిమిది. తెర మీద గీత వణకడం మొదలుపెట్టింది. అక్క కవచాన్ని చేత్తో పక్కకి జరిపింది. ముందుకి వంగి, ముక్కు తగిలేంత దగ్గరగా కిటికీకి కన్ను ఆనించింది.

"అక్కా, తెరమీద కనిపిస్తోందిగా?"

"పెళ్ళి ఫొటోలో చూస్తే పెళ్ళికి వెళ్ళినట్టవుతుందా?"

ఆవిడ కోటు చేతితో కిటికీ తుడిచి మళ్ళీ వంగింది. కాసేపటికి విసుక్కుంటూ మళ్ళీ తుడిచింది. ముచ్చటగా మూడోసారీ తుడిచింది.

బొంగరం ఆగాడు. మనిషి అలవాటు లేని పని చేస్తే ఎందుకని అడగడం అతని వృత్తి. అది ఎంత చిన్న పనైనా సరే.

"ఎందుకక్కా తుడుస్తున్నావు?"

"నా ఊపిరికి ఆవిరి పడుతోందిరా. కనబడి చావడంలేదు."

"రోజూ పడుతుందా?"

"రోజూ పడు..." అక్క చెయ్యి గాలిలో ఆగిపోయింది. "లేదు. పడ్డా నిలవదు. మన కిటికీ సఫైర్ రాయితో చేసింది, దిమ్మ వేడిని ఇట్టే లాగేస్తుంది. పడ్డ ఆవిరి పడ్డట్టే పోతుంది." కిటికీని గోటితో తాకింది. "ఇది సఫైర్ కాదు. గాజు."

వాల్వ్ కాదు. వాల్వ్ ఎర మాత్రమే. కవచం తప్పించి కిటికీకి కన్ను ఆనించే మనిషి ప్రపంచంలో ఒక్కతే ఉంది. ఆ ఒక్క మనిషి కోసం కిటికీ మార్చారు. చల్లగా ఉన్నంతసేపూ గాజు ఆగుతుంది. గీత మాయమయ్యే వేళకి ఆగదు.

"అందరూ బయటికి," బొంగరం గొంతు పెంచాడు. కుర్చీలు కిందపడ్డాయి. అక్క భుజం పట్టుకుని లాగాడు. ఆవిడ రాలేదు. హీటర్ కట్టేసింది. మీటరు ఆగలేదు. డెబ్బై. దిమ్మలో ఉన్న వేడి ఇంకా లోపలికి ఎక్కుతూనే ఉంది.

"దిమ్మ పక్కనున్న ఆ ఎర్ర లివర్ లాగితే?"

"మొత్తం గాలి ఒక్కసారే పోతుంది. క్యాటలిస్టూ పోతుంది."

"పోనీ."

"ఆయన చేసిందిరా అది. మళ్ళీ నేను చెయ్యగలను, ఆయన చెయ్యలేడు." అక్క అప్పటికే కిటికీ కింద ఉన్న సన్నటి వాల్వ్ మీద చెయ్యి వేసింది. "మెల్లగా వదిలితే అడుగున దిగుతుంది. నువ్వు వెళ్ళు."

"నీ బొంద. నిన్నొదిలి ఎక్కడికి వెళ్తాను?"

వాదించడానికి టైమ్ లేదు. బొంగరం బ్రీఫ్‌కేస్ తీసి కిటికీకీ అక్క ముఖానికీ మధ్య అడ్డం పెట్టాడు. తోలు కింద తూటాని ఆపే స్టీలు పలక ఉంది. మోచేతులు బల్లకి తన్నిపెట్టి, భుజం దాని వెనక ఆనించి, ఉన్న బరువంతా వేశాడు. కదిలితే సందు వస్తుంది. సందు వస్తే అక్క కన్ను పోతుంది. జీవితంలో మొదటిసారి బొంగరం కదలకుండా నిలబడాల్సి వచ్చింది.

కాలి వేళ్ళు షూలో కొంకర్లు పోయాయి. మెడ మీద చెమట జారింది. స్తంభం వెనక నుంచి సిల్కు రాసుకున్న చప్పుడు, తలుపు వైపు మడమల చప్పుడు వినిపించాయి. కలువ వెళ్ళిపోతోంది. రెండడుగులు వేస్తే దొరుకుతుంది. అతను తల కూడా తిప్పలేదు.

"డెబ్బై రెండు," అక్క గొణిగింది. వేళ్ళ మధ్య వాల్వ్ వెంట్రుకవాసి తిరిగింది. "ఆగింది. దిగుతోంది. అరవై ఎనిమిది. దిగు తల్లీ, దిగు. అరవై. తెర మీద చూడరా, పసుపు పొడి కిందికి జారుతోంది. యాభై..."

టిక్‌మని చిన్న చప్పుడైంది. తెర మీద కిటికీలో అడ్డంగా పగులు పాకింది.

ఆ తరవాతది చప్పుడు అనడానికి వీల్లేదు. గది మొత్తం ఎగిరి మళ్ళీ కింద కూర్చున్నట్టయింది. బ్రీఫ్‌కేస్ బొంగరం భుజాన్ని తన్ని, అతన్నీ అక్కనీ కలిపి గోడకి కొట్టింది. ఎముక విరగడం అతను విన్నాడు. ఎక్కడ చూసినా తెల్లటి చలి పొగ. అలారం మోగింది. పెద్ద ఫ్యాన్లు పొగని ఈడ్చుకుపోయాయి.

అక్క ముఖం మీద గీటు కూడా లేదు.

బయట కలువ తన కారు వెనక సీట్లో కూర్చుని "పోనీ, త్వరగా" అంది. డ్రైవర్ వెనక్కి తిరిగాడు. టోపీ కింద చీఫ్ ముఖం.

"ఎక్కడికి పోనిమ్మంటారు మేడమ్?" అన్నాడు. "మీ మెకానిక్‌ని ముందే తీసుకెళ్ళాం. అక్కడికే పోదామా?"

ఆవిడ ముత్యాలు సవరించుకుంది. "మీకు వాల్వ్ గురించి చెప్పాను. అది నిజమేగా?"

"సగం," అన్నాడు చీఫ్, తలుపులు లాక్ చేస్తూ. "మిగతా సగం దారిలో చెబుదురు గాని. ముఠా పేర్లతో సహా."

లోపల అక్క ఒక సన్నటి గరిటె పట్టుకుని తమ్ముడి చొక్కా మీదికి వంగింది. చొక్కా మీద, బ్రీఫ్‌కేస్ మీద, అతని కనుబొమల మీద మెత్తటి పసుపు పొడి. ఆఖర్న గాలితో ఎగిరిన క్యాటలిస్ట్ అది.

"కదలకు."

"అక్కా, భుజం విరిగింది."

"తెలుసు. కదలకు." గీకుతూనే ఉంది. "ఏ ఇన్సూరెన్స్ కంపెనీరా స్టీలు పలకల బ్రీఫ్‌కేసులు ఇచ్చేది?"

"కొత్త రూలు," అన్నాడు బొంగరం.

"సర్లే. నీకు అబద్ధం చెప్పడం చిన్నప్పట్నుంచీ రాదు. ఇన్నాళ్ళూ నేనే నమ్మినట్టు నటించాను." గరిటె చప్పున ఆగింది. అతని మంచి భుజం మీద నుదురు ఆనించి, "ఆయన్నీ ఇలాగే చంపారు కదా?" అంది. అవునన్నాడు బొంగరం. అక్క చాలాసేపు ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. పొడి తడుస్తుందని ముందు గుర్తొచ్చింది ఆవిడకే.

* * *

డెమో మళ్ళీ పెట్టారు. ఈసారి కిటికీని నగల వర్తకుడు వజ్రం చూసినట్టు నలుగురు పరీక్ష చేసి బిగించారు. కవచాన్ని పట్టాల మీద జరగకుండా బోల్టులు వేసేశారు. ఆ బోల్టులు అక్కే వేసింది. దిమ్మ అడుగున దిగిందీ, చొక్కా మీంచి గీకిందీ కలిపితే క్యాటలిస్ట్ సరిపోయింది.

బొంగరం కట్టుకట్టిన చెయ్యి మెడకి వేలాడేసుకుని అక్క పక్కన నిలబడ్డాడు. డాక్టర్ కదలొద్దన్నాడు. అందుకని ఒక కాలితోనే నేలని తడుతున్నాడు.

తెర మీద గీత పలచబడింది. పొగ కమ్మింది. కుర్చీల్లో జనం ముందుకి వంగారు. పక్కకి తిరిగిన బొంగరానికి అక్క తెర వైపు చూడటంలేదని తెలిసింది. ఆవిడ అతని కట్టు వైపు చూస్తోంది. ఎంతసేపట్నుంచి చూస్తోందో.

"అక్కా, అదిగో, చూడు."

"నువ్వు చూసి చెప్పు."

అతను చూశాడు. అప్పటికే అయిపోయింది.

"ఏం కనబడిందిరా?"

"ఏమీ కనబడలేదక్కా. గీత ఉండాల్సిన చోట ఏమీ లేదు."

"అదే," అంది అక్క, కళ్ళు తుడుచుకుంటూ. "అది చూడ్డానికే చావబోయాను."